జోస్యుడి వేషం కట్టబోయే మా అబ్బీకి

కడప

అబ్బీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు కుదురుగా లేదు. కాలేజీలో వేస్తున్న షేక్స్‌పియర్ నాటకం 'జూలియస్ సీజర్'లో బ్రూటస్ వేషం వస్తుందని ఆశపడితే జోస్యుడి వేషం ఇచ్చారని బాధపడ్డావు. మూడుసార్లు వచ్చిపోయే వేషమే, కాదనను. కానీ ఆ మూడుసార్లూ చెడితే సీజర్ చావుకు బరువుండదు.

నీ వయసులో నేనూ ఇదే వేషం కట్టాను. కళ్ళు పెద్దవి చేసి, కర్ర ఊపి, గొంతు వణికించాను. జనం నవ్వారు. తర్వాత సీజర్‌ని పొడిచినప్పుడు కూడా హాల్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. హెచ్చరికను నేను తేలిక చేసేశాను కాబట్టి చావూ తేలికైపోయింది. ఆ బాధ నాకింకా ఉంది.

మన జిల్లాలో బ్రహ్మంగారి మఠం ఉంది. ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు ముందే చెప్పారు" అనే మాట వింటూ పెరిగిన జనం మనవాళ్ళు. జోస్యం అంటే వాళ్ళకు నువ్వు కొత్తగా భయం పుట్టించక్కర్లేదు. నువ్వు సీజర్‌కి చెప్పే హెచ్చరిక 'మార్చి ఐడ్స్‌తో జాగ్రత్త' అని. రోమన్ల లెక్కలో 'ఐడ్స్' అంటే నెల నడిమి రోజు, మార్చిలో అది 15. క్రీ.పూ. 44లో సీజర్‌ని చంపింది ఆ రోజే. చూసేవాళ్ళకు ఆ సంగతి తెలుసు, సీజర్‌కి తెలియదు. నువ్వు మాట మామూలుగా అంటే చాలు, మిగిలిన పని వాళ్ళ మనసే చేసుకుంటుంది.

మొదటిసారి "సీజర్!" అని పిలిచేటప్పుడు మాత్రం గొంతు బాగా ఎత్తు. వాయిద్యాలన్నిటినీ మించి ఎవరిదో గొంతు వినబడిందని సీజరే అంటాడు. తర్వాత తగ్గించు. అక్కడ ఇంకొకటి గమనించు. ఎవరతను అని సీజర్ అడిగితే, మార్చి 15తో జాగ్రత్త అంటున్నాడని చెప్పేది బ్రూటస్. తర్వాత సీజర్‌కి కత్తి దింపబోయేవాడి నోటితోనే హెచ్చరిక రెండోసారి వినిపిస్తుంది! అతను ఆ మాట అంటున్నంతసేపూ నువ్వు కదలొద్దు.

రెండోసారి వీధిలో బ్రూటస్ భార్య పోర్షియా అడుగుతుంది, సీజర్‌కి హాని తలపెట్టారని నీకేమైనా తెలుసా అని. తెలిసిందేమీ లేదు, జరుగుతుందేమోనని భయం మాత్రం చాలా ఉంది అంటాడు జోస్యుడు. ఈ వీధి ఇరుకు, గుంపులో బలంలేనివాడు నలిగిపోతాడు, ఖాళీ చోటు చూసుకుంటాను అంటాడు. నీ వేషం మొత్తం ఇక్కడ ఉంది, అబ్బీ. ఇతను మహిమలున్నవాడు కాదు. గుంపు తోసేస్తున్నా ఒక మాట చెప్పాలని నిలబడిన మనిషి. శక్తిని చూపించొద్దు, భయాన్ని చూపించు.

నీ ఒక్కడి సీన్లే చదివి ఊరుకోవద్దు. ఆర్టిమిడోరస్ వేసే పిల్లాడితో కలిసి కూర్చో. నువ్వు తేదీ మాత్రమే చెప్తావు, అతను కుట్రదారుల పేర్లతో సహా సీజర్‌కి ఉత్తరం రాసి తెస్తాడు. అది చదవకుండా, సొంత విషయం ఆఖరున చూస్తానంటాడు సీజర్. సీజర్ భార్య కల్పూర్నియాకి కల వస్తుంది, సీజర్ విగ్రహం నుంచి నెత్తురు ధారలు కారినట్టు. అదే కలకు కుట్రదారుల్లో ఒకడైన డిషియస్ తియ్యటి అర్థం చెప్పి ఆయన్ను ఇంట్లోంచి బయటికి తీసుకుపోతాడు. విధి తోసిందని నాకెప్పుడూ అనిపించలేదు. ఆగి వినడానికి ఆయనకు అన్ని అవకాశాలు వచ్చాయి, అవన్నీ తెచ్చింది చిన్న వేషాలవాళ్ళే.

ఇక మూడోసారి. మార్చి 15 వచ్చేసిందే అని సీజర్ తేలిగ్గా అంటాడు. "వచ్చింది సీజర్, కానీ ఇంకా పోలేదు" అంటావు నువ్వు. ఎదురు మాట గెలిచినట్టు అనొద్దు, బతిమాలినట్టు అను. అన్నాక వెంటనే వింగ్‌లోకి పోవద్దు, ఆయన లోపలికి వెళ్ళేదాకా చూస్తూ నిలబడు.

సీజర్ వేసే అబ్బాయికి కూడా ఒక మాట చెప్పు. మొదటి సీన్లో అతను నిన్ను ఎదురుగా నిలబెట్టి మొహం చూస్తాననాలి. నిజంగా చూడమను. ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను, రిహార్సల్లో ముందు ఆ చూపు చూద్దాం.

నీ పెద్దనాయన