హైటెక్ సిటీ రాకముందు మాదాపూర్‌లో నిజంగా ఏమీ లేదా?

ఈ ప్రశ్నకు ఎవర్ని కదిపినా "ఏముంది, రాళ్ళూ రప్పలూ" అనేస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఏమీ లేకపోతే కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకి తాగునీళ్ళు దుర్గం చెరువు నుంచి ఎట్లా వెళ్ళాయి? ఇప్పుడదే చెరువు మీద 2020లో తెరిచిన తీగల వంతెన ఎక్కి సెల్ఫీలు దిగుతారు, కింద నీళ్ళ వాసనకి ముక్కు మూసుకుని.

మా మేనత్తది ఆ ఊరే. చెప్పులు కొనాలన్నా "పట్నం పోయొస్త" అని బయల్దేరేది. ఆమె లెక్కలో పట్నమంటే అమీర్‌పేటతో మొదలు.

హైటెక్ సిటీలో మొదటి భవనం సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. అంతకు ముందటేడు దసరా సెలవుల్లో నేనూ మా బావా గుట్టెక్కి సీతాఫలాలు తెంపుతుంటే కింద విజిల్ ఊది ఎర్రగుడ్డ ఊపారు, అంటే రాయికి తూటా పెట్టారన్నమాట. ఒడి నిండా కాయలతో ఇంటికి ఒకటే పరుగు. అత్తమ్మ అప్పటికే బర్రెను కొట్టంలోకి తోలేసి మమ్మల్ని తిట్టడానికి గుమ్మంలో రెడీగా ఉంది. నోరు తెరిచేలోపే ఢామ్మని పేలింది, పిడికెడంత రాయి రేకు పగలగొట్టుకుని సరాసరి బియ్యం డబ్బాలో పడింది. ఆమె ఆ రాయి కొంగులో మూటగట్టుకుని గుత్తేదారు దగ్గరికి పోయి, కొత్త రేకు ఇప్పించేదాకా కదల్లేదు.

అభివృద్ధి అభివృద్ధి అంటారు గానీ, నన్నడిగితే అక్కడ బాగుపడ్డది తెలివైనవాళ్ళు కాదు, ఆలస్యంగా అమ్మినవాళ్ళు. ముందే అమ్మినవాళ్ళు ఆటో కొనుక్కున్నారు, ఆగినవాళ్ళు హాస్టళ్ళు కట్టి కిరాయిలు తింటున్నారు. 2007లో మాదాపూర్ ఉన్న శేరిలింగంపల్లి మున్సిపాలిటీని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు, 2019లో మెట్రో వచ్చింది, అత్తమ్మ మాత్రం మెట్రో ఎక్కుతూ కూడా "పట్నం పోతున్న" అంటుంది.

అన్నట్టు, అవి రప్పలు కాదండీ, దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు! ఉన్నవన్నీ పేల్చేసి, మొన్న మేం గృహప్రవేశానికి వెళ్ళిన అపార్ట్‌మెంట్ ముందు ఒక్క గుండుని మిగిల్చి చుట్టూ పచ్చగడ్డి పరిచి లైట్లు పెట్టారు. అత్తమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "మన బియ్యం డబ్బాల వడ్డదానికి ఇది అన్నేమోరా" అంది.