పాత కారు సస్పెన్షన్ భాగాలన్నిటికీ జింక్ ప్లేటింగ్ చేయించవచ్చా?

ముందు చక్రాల సస్పెన్షన్ మొత్తం విప్పి, ఆర్ములు, స్ప్రింగులు, బోల్టులు, బ్రాకెట్లు అన్నీ ఒకేసారి జింక్ ప్లేటింగ్‌కు పంపాలనుకుంటున్నానని, అందులో ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగారు. నా పాత కారుకు ఈ పని దగ్గరుండి చేయించుకున్న అనుభవంతో చెబుతున్నాను: దయచేసి అన్నీ పంపకండి. ఏవి పంపకూడదో ముందుగా తేల్చుకున్న తర్వాతే మిగిలినవి పెట్టెలో వేయండి.

ప్లేటింగ్‌కు ముందు తుప్పు వదలడానికి భాగాలను యాసిడ్‌లో ముంచుతారు, ఆ తర్వాత ద్రావణంలో కరెంటు పంపి జింక్ పూత ఎక్కిస్తారు. ఈ రెండు దశల్లోనూ పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడుతుంది. మామూలు మెత్తటి ఉక్కుకు దానివల్ల చెప్పుకోదగ్గ హాని లేదు. బాగా గట్టిపరచిన ఉక్కు మాత్రం పెళుసుబారి, బిగించిన కొన్ని గంటలకో కొన్ని రోజులకో, ముందుగా ఏ సూచనా లేకుండా పుటుక్కున విరిగిపోవచ్చు. కాయిల్ స్ప్రింగులు, టార్షన్ బార్లు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), యాంటీ రోల్ బార్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ), స్టబ్ యాక్సిల్ (చక్రం తిరిగే చిన్న ఇరుసు), స్టీరింగ్ ఆర్ములు వీటిని నేను ప్లేటింగ్ గడప తొక్కనివ్వలేదు. వాటికి శుభ్రం చేసి, ప్రైమర్ కొట్టి, మంచి పెయింట్ వేస్తే చాలు. టార్షన్ బార్ మీద చిన్న గీత పడినా పగులు అక్కడే మొదలయ్యే ప్రమాదం ఉంది కనుక దానిని గ్రైండర్‌కు దూరంగా ఉంచండి. కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి బిగించకండి.

బోల్టుల విషయంలో తల మీద బలాన్ని తెలిపే గుర్తు చూడాలి, అంకె పెరిగేకొద్దీ ఉక్కు మరింత గట్టిది. 8.8 అని ఉంటే నిశ్చింతగా పంపవచ్చు. 10.9 అయితే, లేదా అంగుళాల కొలతల బోల్టు తల మీద ఆరు గీతలుంటే, ప్లేటింగ్ అయిన నాలుగు గంటల లోపు ఓవెన్‌లో పెట్టి, 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో చాలా గంటలు ఉంచి హైడ్రోజన్‌ను బయటకు పంపాలి. పసుపు రంగు పాసివేషన్ (జింక్‌ను కాపాడే పలుచని రసాయన పొర) ఆ తర్వాతే చేయాలి, ఎందుకంటే అంత వేడికి ఆ పొర చెడిపోతుంది. ఈ క్రమాన్ని ప్లేటింగ్ చేసేవారు తమంతట తాముగా పాటిస్తారని అనుకోవద్దు, కాగితం మీద రాసి ఇవ్వండి. 12.9 బోల్టులు మాత్రం కొత్తవి కొనుక్కోవడమే క్షేమం.

రెండు రేకులను ఒకదానికొకటి స్పాట్ వెల్డింగ్‌తో అతికించి చేసిన ఆర్ములు మరో చిక్కు. అతుకు సందులోకి వెళ్లిన యాసిడ్ ఎంత కడిగినా పూర్తిగా రాదు. తళతళలాడే ఆర్మ్ అంచు వెంబడి కొన్నాళ్లకు తెల్లటి పొడి పొంగి, దాని కింద తుప్పు మరక కనిపిస్తుంది. అలాంటి వాటికి బ్లాస్టింగ్ (సన్నని రేణువులను వేగంగా చిమ్మి తుప్పు వదిలించడం), ఆపైన పెయింట్ సరైన దారి. ఒకే మందపాటి పలకతో చేసిన బ్రాకెట్లు, వాషర్లు, క్లిప్పులు, 8.8 బోల్టులు, నట్లు ప్లేటింగ్‌కు చక్కగా సరిపోతాయి. నా బోల్టులు తిరిగి వచ్చినప్పుడు వెలుతురులో తిప్పి చూస్తే పసుపు మీద లేత ఆకుపచ్చ, గులాబి రంగులు నూనె పొరలా కదిలాయి. ఆ కాలపు కార్ల కింద కనిపించే రంగు అచ్చం అదే.

పూత మందం కూడా ముందే చెప్పండి. బోల్టు మరల మీద పూత రెండు వాలుల్లోనూ పేరుకుంటుంది కనుక 8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూతకు మర వ్యాసం సుమారు 32 మైక్రాన్లు పెరుగుతుంది. నట్టు బిగుసుకుపోయిందని మరలు కోసే డై తిప్పితే వేసిన జింక్ అంతా ఊడిపోతుంది. అందుకే మరలున్న భాగాలకు 5 నుంచి 8 మైక్రాన్లు దాటవద్దని అడగండి.

ఇక విప్పేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు. స్ప్రింగును సరైన కంప్రెసర్ లేకుండా వదిలించే ప్రయత్నం ప్రాణాల మీదికి తెస్తుంది. క్యాంబర్ షిమ్‌లను (చక్రం వాలును సరిచేసే పలుచని బిళ్లలను) ఏ వైపు ఎన్ని ఉన్నాయో రాసుకుని తీగతో కట్టి వేరుగా ఉంచండి. పాత బోల్టుల మీద క్యాడ్మియం పూత ఉండవచ్చు, దాని పొగ, ధూళి రెండూ విషమే. పట్టేసిన నట్టును టార్చ్‌తో కాల్చే బదులు తుప్పు వదిలించే నూనె పోసి ఓపిక పట్టండి. రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు తీసేశాకే భాగాలను పంపాలి. పంపే ముందు అన్నిటినీ నేల మీద పరచి ఫొటో తీసుకుంటే, చిన్న వాషర్ తప్పిపోయినా వెంటనే తెలుస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు నైలాన్ నట్లు, స్ప్లిట్ పిన్నులు కొత్తవే వాడండి. రబ్బరు బుష్‌ల గుండా వెళ్లే బోల్టులను ముందు వదులుగా ఉంచి, కారును చక్రాల మీద దించి, దాని బరువు సస్పెన్షన్ మీద పడిన తర్వాతే చివరి టార్క్‌కు బిగించాలి. గాలిలో వేలాడుతున్నప్పుడే బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడిన స్థితిలోనే ఉండి త్వరగా చిరిగిపోతుంది.