సమాధానం: స్క్విడ్‌లో రెండు సైట్లకు అలౌ ఇచ్చినా 403 వస్తోంది

స్క్విడ్ (మీ నెట్‌వర్క్‌కూ వెబ్‌సైట్లకూ మధ్య నిలిచే ప్రాక్సీ సర్వర్)లో రెండు సైట్లకు అనుమతి ఇచ్చినా 403, అంటే "అనుమతి లేదు" అనే ఎర్రర్ వస్తోందని అడిగారు. తప్పు మీ అలౌ (అనుమతించే) లైన్‌లోనే ఉంది. రెండు సైట్లకు రెండు ఏసీఎల్‌లు (రిక్వెస్ట్‌ను గుర్తుపట్టే పేరున్న షరతులు) రాసి, ఆ రెండు పేర్లనూ ఒకే హెచ్‌టీటీపీ_యాక్సెస్ లైన్‌లో (రిక్వెస్ట్‌ను వదలాలా, ఆపాలా అని చెప్పే లైన్) పక్కపక్కన పెట్టారు. స్క్విడ్ దాన్ని "రెండూ నిజమైతేనే" అని చదువుతుంది. ఒకే రిక్వెస్ట్ రెండు డొమైన్లకు వెళ్లదు కదా! అందుకే ప్రతి రిక్వెస్టూ కిందికి జారి, అన్నిటినీ ఆపే చివరి లైన్ డినై ఆల్‌కు తగులుతోంది.

చాలామంది గమనించనిది ఇదే: ఏసీఎల్ లోపల రాసిన విలువల్లో ఏ ఒక్కటి కలిసినా చాలు, యాక్సెస్ లైన్‌లో మాత్రం అన్నీ కలవాలి.

1. రెండు డొమైన్లనూ ఒకే డీఎస్‌టీడొమైన్ (వెళ్లే సైట్ డొమైన్‌ను చూసే రకం) ఏసీఎల్‌లో పెట్టండి.
2. డొమైన్ ముందు చుక్క ఉండాలి. లేకపోతే సబ్‌డొమైన్లు కలవవు.
3. అలౌ లైన్‌లో దీని పక్కన మీ లోకల్ నెట్‌వర్క్ ఏసీఎల్ కూడా రాయండి. ఇక్కడ "రెండూ" కావాలి. అది లేకపోతే, స్క్విడ్ 3128 పోర్టును చేరగల ఎవరైనా ఆ సైట్లకు మీ ప్రాక్సీ వాడేస్తారు.
4. ఈ లైన్ సేఫ్ పోర్ట్స్ డినై లైన్ల (జాబితాలో లేని పోర్టులను ఆపేవి) కింద, డినై ఆల్‌కు పైన ఉండాలి. మొదట కలిసిన రూలే చెల్లుతుంది, తర్వాతివి చూడదు.
5. "స్క్విడ్ -కే పార్స్" (కాన్ఫిగ్ ఫైల్‌ను సరిచూసే కమాండ్) నడిపి, తర్వాత "స్క్విడ్ -కే రీకాన్ఫిగర్" (మార్పులను అమల్లోకి తెచ్చేది) ఇవ్వండి. పార్స్ శుభ్రంగా వచ్చిందని మురిసిపోకండి, అది రాత తప్పులే పడుతుంది. మీ పాత లైన్‌నూ అది ఏమీ అనదు.

పేజీ తెరుచుకుని బొమ్మలు రాకపోతే యాక్సెస్ లాగ్‌లో టీసీపీ_డినైడ్ లైన్లు (స్క్విడ్ ఆపిన రిక్వెస్టులు) చూడండి. అక్కడ కనిపించే డొమైన్లను అదే ఏసీఎల్‌కు చేర్చండి.