బొమ్మకు అర్థం రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

ఎమోజీల అర్థకోశానికి తెలుగులో నీవు రాసిన పది ఆరోపాలూ, అంటే ఒక్కో బొమ్మకు రాసిన అర్థవివరణలు, చదివాను. భాష శుభ్రంగా ఉంది, తొందర కూడా కనిపిస్తోంది. చేతులు జోడించిన బొమ్మకు ఎదురుగా ‘నమస్కారం’ అని ఒక్క మాట రాసి దాటిపోయావు. ఆ ఒక్కదాని గురించే ఎక్కువగా చెప్పాలనిపించింది.

2010లో, కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాలకూ బొమ్మలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ 6.0లో చేరినప్పుడు దాని పేరు ‘చేతులు జోడించిన వ్యక్తి’ మాత్రమే. జపానులో అది ‘దయచేసి’, ‘ధన్యవాదాలు’ అనే భావాలకు వాడుక. ఇంగ్లీషు వాళ్లలో ఎక్కువమందికి ప్రార్థన, కొందరికైతే ఇద్దరు చేతులు చరుచుకోవడం. మన కుటుంబ గ్రూపుల్లో చూడు: పొద్దున్నే పలకరింపుగా వస్తుంది, ఎవరైనా పోయారన్న కబురు కింద వరసగా వస్తుంది, వాదన ముదిరినప్పుడు ‘నీకో దండం, ఇక వదిలెయ్’ అన్న విసుగుగానూ వస్తుంది. వీటిలో ఏది అన్నది దాని ముందున్న వాక్యమే చెబుతుంది. కాబట్టి నిఘంటుకారులు పూర్వం చీటీల మీద ప్రయోగాలు, అంటే మాట వాడిన వాక్యాలు, సేకరించినట్టే, నీవు కూడా ప్రతి బొమ్మనూ దాని ముందు వాక్యంతో సహా రాసిపెట్టుకోవాలి.

అర్థం కంటే ముందు కంటికి కనిపించేది రాయి. ఒకసారి మిత్రుడి తండ్రి పోయారని తెలిసి, కంటినీరు కారుస్తున్న ముఖం అనుకుని ఒక బొమ్మ పంపాను. అది నిద్రముఖమని, ఆ బొట్టు జపాను కామిక్సులో నిద్రకు గుర్తుగా ముక్కు నుంచి వచ్చే బుడగ అని తర్వాత తెలిసింది. మిత్రుడు ఏమీ అనలేదు, నాకు మాత్రం సిగ్గు మిగిలింది. ‘కళ్లు మూసి ఉన్నాయి, ముక్కు దగ్గర బుడగ ఉంది’ అని ఎవరైనా రాసిపెట్టి ఉంటే నేను చూసుకునేవాణ్ణి. ఈ ఉత్తరంలో ఒక్క బొమ్మా పెట్టకపోవడానికి కారణం అదే: మాటలతోనే చూపించగలమా అని పరీక్షించుకుంటున్నాను.

బొమ్మ కూడా నిలకడగా ఉండదు. ఆపిల్ 2016లో తుపాకీని నీళ్ల తుపాకీగా మార్చింది, 2018 నాటికి మిగతా పెద్ద సంస్థలు చాలావరకు అదే దారి పట్టాయి; అందువల్ల 2015 నాటి బెదిరింపు సందేశాన్ని ఇవాళ కొత్త ఫోనులో తెరిస్తే ఆటవస్తువు కనిపిస్తుంది. 2013లో జెరెమీ బర్జ్ ప్రారంభించిన ఎమోజీపీడియా అనే వెబ్‌సైటులో వేర్వేరు సంస్థల బొమ్మలు పక్కపక్కనే, పాత రూపాలతో సహా ఉంటాయి. వాటిని చూడు, అక్కడి అర్థాలను మాత్రం అనువదించకు.

2019లో వచ్చిన ఆటో, చీర, ప్రమిదల విషయంలో నీకు మొహమాటం అక్కర్లేదు, అవి మనవి. ప్రమిదకు ‘దీపావళి’ అని సరిపెట్టావు. కార్తీకమాసపు శుభాకాంక్షల్లో అది ఉంటుంది, మనిషి పోయినప్పుడు తల దగ్గర పెట్టే దీపంగా సంతాప సందేశాల్లోనూ నేను చూశాను.

చేతులు జోడించిన బొమ్మ, ప్రమిద, ఈ రెండు ఆరోపాలను తిరిగి రాసి, ఒక్కొక్కదానికి నిజమైన ప్రయోగాలు నాలుగైదు జతచేసి, వాటిలోని పేర్లు, ఫోను నంబర్లు తీసేసి పంపు.

శుభం.