గుజ్జు పెంచే మాత్రలతో మోకాలి నొప్పి తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 57. గాజువాకలో మూడో అంతస్తులో ఉంటాం, లిఫ్ట్ లేదు. ఎక్స్‌రే చూసి మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారు. మందుల షాపులో అడిగి గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మాత్రలు ఐదు నెలలుగా వాడుతున్నాను. మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలి నొప్పి అలాగే ఉంది. గుండె వాల్వు మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటున్నాను. ఈ మాత్రలు కొనసాగించవచ్చా? ఈసారి సింహాచలం గిరి ప్రదక్షిణ చేయాలని ఉంది.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మోకాలి సంగతి తర్వాత, ముందు వార్ఫరిన్ గురించి చెప్పాలమ్మా. గ్లూకోసమైన్‌తో కలిస్తే కొందరిలో రక్తం మరీ పలచబడుతుంది. ఆ మాత్రలు ఆపేయండి. వార్ఫరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, మోతాదు మార్చొద్దు. ఒకటి రెండు రోజుల్లోనే ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసేది) చేయించుకుని మీ గుండె డాక్టర్‌కు చూపించండి. చిగుళ్ల నుంచి రక్తం కారినా, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపించినా, మలం నల్లగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పసుపు క్యాప్సూల్స్, నొప్పి మాత్రలు కూడా అడక్కుండా మింగొద్దు. కూరలో వేసే పసుపుతో భయం లేదు.

ఇంతకీ ఆ మాత్రలు ఆపితే పోయేదేమీ లేదు. ‘గుజ్జు’ అనగానే బేరింగులో గ్రీజులా మళ్లీ నింపుకోవచ్చనిపిస్తుంది. అది నిజానికి ఎముక చివర ఉండే నున్నటి పొర. దానికి రక్తనాళాలు ఉండవు. కాలు కదిలినప్పుడు కీలులోని ద్రవం స్పాంజిలోకి నీళ్లు ఇంకినట్టు అందులోకి ఇంకి పోషణ ఇస్తుంది. అమెరికాలో దాదాపు 1,600 మంది మీద చేసి 2006లో వెల్లడించిన అధ్యయనంలో, మొత్తం మీద చూస్తే ఈ రెండు మందులూ మందే లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. 2019లో అక్కడి కీళ్ల వైద్యుల సంఘం మోకాలి అరుగుదలకు గ్లూకోసమైన్ వద్దనే చెప్పింది. అన్నట్టు, అది చాలావరకు రొయ్య, పీత పెంకుల నుంచి తీసేదే. కార్తీకంలో నీచు ముట్టనివాళ్లూ తెలియక మింగేస్తుంటారు. రొయ్యలు పడనివాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఆ డబ్బు ఫిజియోథెరపిస్ట్‌కు పెట్టండి. మోకాలి మీద భారం తగ్గించేది తొడ ముందు కండరం. కుర్చీలో కూర్చుని కాలు నేరుగా చాపి, తొడ బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దునా సాయంత్రమూ. ఊపిరి బిగబట్టొద్దు. ఒళ్లు ఎక్కువుంటే తగ్గించండి. కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకుని ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు వేయండి. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు.

గిరి ప్రదక్షిణ అంటే 32 కిలోమీటర్లు, అదీ ఆషాఢ పౌర్ణమి జనంలో. ఈ ఏడాది వద్దు. బీచ్ రోడ్డులో చదునుగా ఉన్నచోట పావుగంట నడవడంతో మొదలుపెట్టండి, ఇసుకలో కాదు. మీ గుండె డాక్టర్ సరేనంటే వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూద్దాం.