‘ఐ నో నాట్’ తప్పు కాదు, కానీ ఆఫీసు మెయిల్లో రాయకండి

‘ఐ డోంట్ నో’ అనడానికి బదులు ‘ఐ నో నాట్’ అంటే తప్పా, పాత ఇంగ్లిష్‌లో అలా ఎందుకు ఉండేది అని అడిగారు. తప్పేం కాదు. వ్యాకరణం ప్రకారం ఒకప్పుడు అదే సరైన వాక్యం. అయితే దాన్ని ఎక్కడ వాడకూడదో నాకు బాగా తెలుసు.

నాకు ఇంగ్లిష్ నేర్పింది మా తాతయ్య. రిటైరైన టీచరు. రోజూ పొద్దున్నే ఒక వచనం తెలుగు బైబిల్లో నేను చదివితే, అదే వచనం 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఆయన చదివేవారు. ‘వీరేమి చేయుచున్నారో వీరెరుగరు’ అని నేనంటే, ‘దే నో నాట్ వాట్ దే డు’ అని ఆయన. అలా నా బుర్రలో ‘ఎరుగరు’కి ‘నో నాట్’ అని జత పడిపోయింది. అటు తెలుగూ పాతదే, ఇటు ఇంగ్లిషూ పాతదే కాబట్టి తేడా తెలియలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు సర్వర్ పడిపోయింది. కారణమేంటని క్లయింట్ అడిగితే ఆ టెన్షన్‌లో ‘వుయ్ నో నాట్ ది కాజ్ యెట్’ అని కొట్టి పంపేశాను. ‘థాంక్యూ, మై లార్డ్’ అని జవాబొచ్చింది. ఆ తర్వాత నెల రోజులు టీములో నా పేరు మై లార్డే. తెలుగులో చెప్పాలంటే, కరెంటు ఎందుకు పోయిందని ఫోన్ చేస్తే లైన్‌మన్ ‘నేనెరుగను’ అన్నట్టు. అర్థమవుతుంది, కానీ నవ్వొస్తుంది.

ఇక అసలు సంగతి. బాగా పాత ఇంగ్లిష్‌లో, అంటే వెయ్యేళ్ల కిందట, వ్యతిరేకార్థానికి క్రియ ముందు ‘నె’ అనే చిన్న మాట పెట్టేవారు. అది పలకడంలో మరీ తేలిపోతుండటంతో, గట్టిగా చెప్పాలంటే క్రియ తర్వాత ఇంకో మాట తగిలించేవారు. అదే ఇప్పటి ‘నాట్’కి పూర్వీకురాలు. దాని మొదటి అర్థం ‘ఏమీ’. మనం ‘తెలియదు’ అని ఊరుకోకుండా ‘ఏమీ తెలియదు’ అంటాం చూడండి, ఆ ‘ఏమీ’ లాంటిది. కొన్నాళ్లకు ‘నె’ రాలిపోయింది, బలానికని తెచ్చుకున్న ‘నాట్’ ఒక్కటే మిగిలింది. ‘ఐ నో నాట్’ ఆ దశలోది. ఫ్రెంచిలోనూ ఇదే కథ నడిచింది. డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ 1917లో ఈ వరసను వివరించాడు కాబట్టి దీన్ని యెస్పర్సన్ చక్రం అంటారు.

మరి ‘డు’ ఎక్కడిది? 15, 16 శతాబ్దాల్లో మెల్లగా చొరబడింది. కారణాల మీద పండితుల వాదనలు చాలా ఉన్నాయి కానీ, నాకు నచ్చే వివరణ ఇది. అదే బైబిల్లో ‘హిజ్ ఓన్ రిసీవ్డ్ హిమ్ నాట్’ (సొంతవాళ్లే ఆయన్ని అంగీకరించలేదు) అన్నప్పుడు, చివరిదాకా ఆయన్ని అంగీకరించారనే వింటాం. లేదన్న సంగతి చివరి మాటలో తెలుస్తుంది (మన తెలుగులోనూ అంతేగా అంటారేమో, మనకది అలవాటు). ‘డిడ్ నాట్ రిసీవ్ హిమ్’ అంటే కాదన్నది ముందే తేలిపోతుంది, క్రియా కర్మా విడిపోకుండా పక్కపక్కనే ఉంటాయి. 18వ శతాబ్దానికి ‘డు’ దాదాపు గెలిచేసింది. ‘నో’ లాంటి కొన్ని క్రియలు మాత్రం మిగతావాటికన్నా ఎక్కువకాలం మొండికేశాయి. మనకు పాత వాక్యాల్లో ‘నో నాట్’ అంత తరచుగా కనబడేది అందుకే.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు కూడా. ‘కెనాట్’, ‘మస్ట్ నాట్’, ‘నీడ్ నాట్’ రోజూ వాడుతున్నాం, వాటికి ‘డు’ అక్కర్లేదు. ఫర్గెట్-మి-నాట్ అని ఒక పువ్వు పేరే ఉంది. 1961లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ ప్రమాణ స్వీకార ప్రసంగంలో ‘డోంట్ ఆస్క్’ అనకుండా ‘ఆస్క్ నాట్’ అన్నాడు. ఉపన్యాసానికి ఆ గంభీరత పనికొస్తుంది, సర్వర్ పడిపోయినప్పుడు పనికిరాదు.

మెయిల్ సంగతి తాతయ్యకి ఫోన్లో చెప్పి, ఇదంతా మీ బైబిల్ చలవే అన్నాను. ఆయన తప్పు ఒప్పుకునే రకం కాదు. మత్తయి ఆరో అధ్యాయం రెండో వచనం తియ్యమన్నారు. ‘బూర ఊదింపవద్దు’ అని ఉన్నచోట ఇంగ్లిష్‌లో ‘డు నాట్ సౌండ్ ఎ ట్రంపెట్’. ఏడో అధ్యాయం మొదటి వచనం తియ్యమన్నారు. ‘తీర్పు తీర్చకుడి’ అన్నచోట ‘జడ్జ్ నాట్’. యేసు కొండమీద చేసిన ఒకే ప్రసంగంలో రెండు పద్ధతులూ ఉన్నాయి.

“ఉన్నాయిగా రెండూ? నీకు పాతదే నచ్చింది, నన్నంటావేంట్రా” అని ఫోన్ పెట్టేశారు.