పదకొండేళ్లు థిన్నర్ పీల్చి మతిమరుపు వస్తే పరిహారం అడగొచ్చా?

ప్రశ్న: మా ఆయన ఫర్నిచర్ ఫ్యాక్టరీలో 11 ఏళ్లుగా స్ప్రే పాలిష్ కొడతారు. రెండేళ్లుగా మతిమరుపు, అయినదానికీ కానిదానికీ కోపం. మొన్న కిరాణాకొట్టుకి వెళ్లి, ఏం తేవాలో గుర్తురాక ఖాళీ సంచితో తిరిగొచ్చారు. ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. జీతం 18 వేలు, ఈఎస్‌ఐ కట్ అవుతుంది. ఓనరేమో రాజీనామా రాసిమ్మంటున్నాడు.

జవాబు: అమ్మా, ముందు ఆ రాజీనామా కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. 'సొంత కారణాల వల్ల మానేస్తున్నాను' అని ఆయన చేత్తోనే రాస్తే, రేపు మన కేసుకి అదే అడ్డం పడుతుంది.

మామూలుగా థిన్నర్‌లో టోలుయిన్ ఉంటుంది. అది బెంజీన్ జాతి రసాయనం. బెంజీన్ వల్ల, దాని జాతి విషరసాయనాల వల్ల వచ్చే జబ్బులు 1923 నాటి కార్మికుల పరిహార చట్టం మూడో షెడ్యూల్ 'బి' భాగంలోనే ఉండేవి, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ జాబితా ఉంది. ఈ రసాయనాల విషయంలో జబ్బు దేనివల్ల వచ్చిందనే చట్టం చూస్తుంది కానీ ఊపిరితిత్తులకా మెదడుకా అని కాదు. ఆ పనిలో వరసగా ఆరు నెలలు చేసి ఉంటే చాలు, జబ్బు పని వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేయాల్సింది అవతలివాళ్లు.

ఎమ్మారై నార్మల్ అని దిగులు పడకండి. థిన్నర్ లాంటి వాటి ఆవిరి ఏళ్ల తరబడి పీల్చడం వల్ల మెదడుకి వచ్చే ఈ జబ్బులో స్కాన్ చాలాసార్లు బాగానే ఉంటుంది, తేడా బయటపడేది జ్ఞాపకశక్తి, ఏకాగ్రత చూసే న్యూరోసైకాలజీ పరీక్షల్లో. డెన్మార్క్‌లో పెయింటర్లకు వచ్చే ఈ జబ్బుని 1976లోనే వృత్తి వ్యాధిగా, అంటే చేసే పని వల్ల వచ్చే జబ్బుగా ఒప్పుకున్నారు. అందుకే డాక్టరు చీటీలో ఏం పని, ఎన్నేళ్లు, ఏ రసాయనం అన్నది తప్పకుండా రాయించుకోండి. థిన్నర్ డబ్బా మీది లేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీయించండి, పక్కన పనిచేసే ఇద్దరి పేర్లు రాసిపెట్టుకోండి. ఆయనకి తాగుడు అలవాటుంటే డాక్టరు దగ్గర దాచొద్దు, అవతలి లాయరు మొదట అడిగేది అదే.

ఈఎస్‌ఐకి పెట్టిన 21 వేల పరిమితి లోపే జీతం, పైగా ఈఎస్‌ఐ కట్ అవుతోంది కాబట్టి క్లెయిమ్ ఓనరు మీద కాదు, ఈఎస్‌ఐ మీదే వేయాలి. బ్రాంచి ఆఫీసులో వృత్తి వ్యాధి అని రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకుని, మెడికల్ బోర్డుకి పంపమని అడగండి. ఆలస్యం చేయకండి, ఇలాంటి క్లెయిములకు గడువులుంటాయి. ఆయన్ని ఇంకొక్క రోజు కూడా ఆ స్ప్రే బూత్‌లోకి పంపకండమ్మా, వేరే పని ఇవ్వమని డాక్టరు చేత రాయించి ఓనరుకి రిజిస్టర్ పోస్టులో పంపండి.